ఆఖరి అంగుళం

ఉతకడానికి మేజోళ్ళు ఇమ్మంటే ఎవరైనా తీసి ఇచ్చేస్తారు. అత్తగారు ఇవ్వలేదు. చలిగా ఉందంది, మొన్ననే ఉతుక్కున్నానంది, రేపు నేనే వేస్తాలే అంది. ఇన్ని సాకులు ఒక్క ఊపిరిలో చెప్పేసరికి కోడలికి అనుమానం వచ్చింది. భోజనం చేసి ఆవిడ వాలుకుర్చీలో కునుకు తీస్తున్నప్పుడు, పక్కన కూర్చుని మెల్లగా ఎడమ కాలి మేజోడు లాగింది. వచ్చేసింది. కుడి కాలిది రాలేదు. మడమ దగ్గర చర్మానికి అంటుకుపోయి ఉంది.

గోరువెచ్చని నీళ్ళతో తడిపి, ఊడదీసేసరికి వాసన వచ్చింది. పాత పూలకుండీలో కుళ్ళిన నీళ్ళ వాసన, దాని వెనకాల తియ్యగా ఇంకేదో. ఆ తీపే భరించలేనిది. కోడలికి ఆ వాసన కొత్త కాదు. ఏడాది పాటు ఈ ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా, దుప్పటి కప్పుకున్నా అదే వాసన. మామగారి కుడి కాలు షుగరుతో కుళ్ళిన ఏడాది అది. చివరికి పాదం తీసేశారు. ఆ కోత మానకముందే ఆయనా పోయాడు.

అత్తగారికి మెలకువ వచ్చింది. తన కాలు కోడలి ఒళ్ళో ఉండటం చూసి దొంగతనం బయటపడ్డట్టు మొహం పెట్టింది. కోసేస్తారని భయపడి చెప్పలేదంది.

కోడలు మామగారికి వైద్యం చేసిన డాక్టరుకి ఫోన్ చేసింది. గాయం ఫోటో పంపించింది. ఆయన సాయంత్రం చీకటి పడేదాకా ఆసుపత్రిలో ఉంటాననీ, ఈలోపు తీసుకొస్తే శుభ్రం చేసి కాలు నిలబెడతాననీ, రేపు చూద్దాంలే అనుకుంటే మాత్రం ఆ కాలు మీద ఆశ వదులుకోవాలనీ చెప్పాడు. నెమ్మదిగానే చెప్పాడు గానీ, ఫోన్ పెట్టగానే ఆమె అంబులెన్సుకి చేసింది.

బయట వాన. పొద్దుటి నుంచీ ఆగలేదు. అంబులెన్సులన్నీ లోతట్టు వీధుల్లో ఉన్నాయి, రావడానికి రాత్రవుతుందన్నారు. టాక్సీలు రామని ఒకదాని తర్వాత ఒకటి చెప్పేశాయి. భర్త వేరే ఊళ్ళో క్రేను నడుపుతాడు. పైకెక్కితే మళ్ళీ షిఫ్టు దిగేదాకా ఫోన్ ఎత్తడు. ఇక మిగిలింది ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న మామగారి కారు.

ఆ కారు పేరెత్తితేనే ఆమెకి వెగటు.

పాత చిన్న కారు, గేర్లది. ఆయన దాన్ని ముద్దుచేసినట్టు కన్నకొడుకుని కూడా చెయ్యలేదని అత్తగారే అనేది. కాలు పాడయ్యాక నడపలేకపోయాడు. కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి తిప్పడానికి ఒక డ్రైవరు కావాలి. డ్రైవర్ని నమ్మడు. అందుకని కోడలికి తనే నేర్పాడు.

నేర్పడమంటే అలాంటిలాంటి నేర్పడం కాదు. ఆమె క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆయనకి అది చాలేది కాదు. పక్క సీట్లోంచి ఒళ్ళు సాగదీసి, గేరు రాడ్డు పక్కనుంచి ఆ కట్టు కట్టిన కుడి పాదాన్ని చాచి, క్లచ్ మీదున్న ఆమె పాదం మీద పెట్టి నొక్కేవాడు. "ఆఖరి అంగుళం వదిలేస్తున్నావు. పూర్తిగా తొక్కమ్మా" అనేవాడు. గేరు మార్చిన ప్రతిసారీ అంతే. కట్టులోంచి ఊరిన రసి వెచ్చగా ఆమె వేళ్ళ సందుల్లోకి దిగేది. ఆయనకి ఆ కాలిలో స్పర్శ లేదు, తను ఎక్కడ ఎంత నొక్కుతున్నాడో తెలిసేది కాదు. ఆమెకి మాత్రం ఒక్కో బొట్టూ తెలిసేది.

ఇంటికొచ్చాక స్నానాల గదిలో కూర్చుని, చర్మం లేచిపోయేదాకా పాదం తోముకునేది. ఎవరికైనా చెప్పుకుందామన్నా ఏమని చెప్పుకుంటుంది, మామయ్య నా కాలు తొక్కుతున్నాడనా? విన్నవాళ్ళు నవ్విపోరూ. నోరు మూసుకుని తోముకునేది. కొన్నాళ్ళకి ఆమె పాదమే ఒక ఒప్పందానికి వచ్చేసింది. క్లచ్ ముప్పాతిక వంతు తొక్కి ఆగిపోయేది. ఆ మిగిలిన అంగుళం ఆయనది.

కట్టు జారిపోకుండా అత్తగారు పైన ఇంకో గుడ్డ కట్టేది. నీలం చారల దిండు గలీబు ఒకటి చింపి పేలికలు చేసిపెట్టుకుంది. ఆవిడ వేసే ముడి ఒక వింత ముడి. ఎటు లాగినా ఇంకా బిగుసుకునేదే తప్ప ఊడేది కాదు. వెళ్ళినప్పుడల్లా నర్సులు విసుక్కుంటూ కత్తెరతో కోసేవాళ్ళు. పాదం తీసేసిన రోజు ఆ కోసే శ్రమ కూడా ఎవరూ తీసుకోలేదు. ముడితో సహా ఆసుపత్రి వాళ్ళే పట్టుకుపోయారు. అందరి పాడు ముక్కలూ కాల్చేచోట కాల్చేశారు.

ఆయన పోయాక కోడలు కారెక్కలేదు. భర్త సెలవుకి వచ్చినప్పుడల్లా ఒక తిప్పు తిప్పి పెట్టేవాడు. పోయినసారి కొత్త బ్యాటరీ కూడా వేయించాడు.

షెడ్డు తలుపు తీసేసరికి రేకుల మీద వాన చప్పుడుకి చెవులు దిమ్మెక్కిపోయాయి. పట్టపగలే లోపల మసక. కారు తలుపు తెరిచింది. మూసిపెట్టిన గాలి ఒక్కసారిగా మొహానికి కొట్టింది. బూజు, ఎలుక పెంట, సీటు తల ఆనే చోట మామగారి జుట్టు జిడ్డు. జిడ్డు మీద దుమ్ము పేరుకుని నల్లగా తలకాయంత మచ్చ. దాని మీద ఒక ప్లాస్టిక్ సంచి పరుచుకుని, పక్క సీటు వైపు చూడకుండా కూర్చుంది.

ఎడమ కాలు క్లచ్ మీద పెట్టింది. తాళం తిప్పింది.

డాష్‌బోర్డు మీద ఎర్రదీపాలు వెలిగాయి. ఇంకా తిప్పింది. ఏమీ లేదు. చిన్న మూలుగు కూడా లేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఏమీ లేదు.

మెకానిక్కుకి ఫోన్ చేసింది. మామగారి కాలం నుంచీ ఈ కారు చూసేది ఆయనే, ఆమె బాబాయ్ అంటుంది. తనే వచ్చేవాణ్ణనీ, తన వీధిలో మోకాల్లోతు నీళ్ళున్నాయనీ, ఫోన్ పెట్టకుండా చెప్పినట్టు చెయ్యమనీ అన్నాడు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్నాడు. వెలుగు తగ్గిందా అని అడిగాడు. తగ్గలేదు, ఎదురుగోడ మీద తెల్లగా నిలబడే ఉంది. టిక్కుమని ఏమైనా వినపడిందా అన్నాడు. అదీ లేదు.

అయితే బ్యాటరీ బంగారంలా ఉందనీ, సెల్ఫ్ మోటారు దాకా కరెంటే వెళ్ళట్లేదనీ తేల్చాడు. ఎందుకైనా మంచిదని బానెట్ ఎత్తించాడు. బ్యాటరీ మీద వైర్లు బిగించే చోట పచ్చటి పొడి, పాచి పట్టిన పళ్ళ మీద గారలాగా. వేడినీళ్ళు పోసి, పాత టూత్‌బ్రష్‌తో తోమింది. వైర్లు బిగించింది. వచ్చి కూర్చుని తాళం తిప్పింది.

ఏమీ లేదు.

పోనీ ఎవరైనా వెనకనుంచి తోస్తే రెండో గేరులో లేపేయొచ్చన్నాడు బాబాయ్. తోసేవాళ్ళెవరు? వరండాలో కుర్చీలో గొంగళి కప్పుకుని, కుళ్ళిన కాలు స్టూలు మీద పెట్టుకుని ఎదురుచూస్తున్న ముసలామా?

అప్పుడడిగాడాయన. "అమ్మా, క్లచ్ పూర్తిగా తొక్కుతున్నావా?"

అది మామగారి మాట. తొక్కుతున్నానంది.

ఆ బండిలో క్లచ్ పెడల్ పైన ఒక చిన్న బొత్తం ఉంటుందనీ, పెడల్ నేలకి ఆనేదాకా తొక్కితేనే ఆ బొత్తం పనిచేసి సెల్ఫ్‌కి కరెంటు వదులుతుందనీ చెప్పాడు. గేరులో ఉన్న బండి పొరపాటున ముందుకి ఉరకకుండా కంపెనీవాడు పెట్టిన కాపలా అది. "కింద మ్యాటేదైనా మడతపడి అడ్డమొచ్చిందేమో, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు.

ఆమె దిగి మోకాళ్ళ మీద కూర్చుని, పెడల్ కిందికి చెయ్యి పోనిచ్చింది.

మెత్తగా తగిలింది. తడిగా... కాస్త వెచ్చగా.

చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్ళకి నూలు పోగులూ వెంట్రుకలూ అంటుకుని ఉన్నాయి.  వంటింట్లోంచి పట్టకారు తెచ్చింది. ఇక ఈ పట్టకారుతో జన్మలో ఏ గిన్నా దింపనని అనుకుంటూ ఆ ముద్దని బయటికి లాగింది. ఎలుక గూడు. దూది, సీటు నురగ, నమిలిన కాగితం. మధ్యలో గులాబీ రంగు పిల్లలు, కళ్ళు తెరవకముందే చచ్చినవి, ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే ముద్దయినవి. పట్టకారు నొక్కుకి ఒకటి పగిలింది. షెడ్డు గుమ్మంలోకి పరిగెత్తి, తిన్నదంతా వానలోకి కక్కేసింది.

మూతి తుడుచుకుంటూనే నవ్వొచ్చింది. ఇంతేనా, ఎలుకలా. ఇంతసేపూ దేనికి భయపడింది? ఇప్పుడు పెడల్‌కి అడ్డేమీ లేదు. కూర్చుంది. తొక్కింది. తాళం తిప్పింది.

ఏమీ లేదు.

కిందికి చూసుకుంది. పెడల్ నేలకి ఆనలేదు. అంగుళం మిగిలే ఉంది. తొక్కడానికి బలం చాలక కాదు. పాదమే ఆగిపోతోంది. నొక్కమంటే నొక్కట్లేదు. కుడి కాలు పెట్టి చూసింది, అదీ అక్కడే ఆగింది. రెండు కాళ్ళూ ఎత్తిపెట్టి, సీటుకి వీపు ఆనించి తన్నింది. పెడల్ అక్కడే నిలబడింది, ఇది నా వంతు కాదన్నట్టు.

వరండాలోంచి అత్తగారి గొంతు వానలో సన్నగా వినపడింది. చీకటి పడుతోందా అమ్మాయ్ అని అడుగుతోంది. లేదత్తయ్యా, మబ్బు అంతే అంది కోడలు. మబ్బు కాదు. రేకుల సందుల్లోంచి వచ్చే వెలుగు అప్పుడే బూడిదరంగుకి దిగింది.

ఇక ఆఖరి ఉపాయంగా బాబాయ్ ఆ బొత్తం వైర్లు రెండూ లాగి ఒకదానికొకటి ముడేసెయ్యమన్నాడు. అప్పుడు క్లచ్‌తో పనిలేకుండానే సెల్ఫ్ తీసుకుంటుందట. ఆమె ఫోన్‌లో లైటు వేసుకుని, సీటు మీద అడ్డంగా పడుకుని, తల పెడళ్ళ మధ్యలోకి దూర్చింది. ముక్కు నేలకి జానెడు దూరంలో ఉంది. మ్యాటు మీద ఎండిన మరకలు, పసుపూ గోధుమరంగూ, ఆ ఏడాది పొడుగునా కారినవి. ఇవేమిటో ఆమెకి తెలుసు. నోటితో ఊపిరి తీసుకుంటే ఆ గాలి నాలుక మీద పడుతుంది, ముక్కుతో తీసుకుంటే ఆ వాసన. రెండూ మానేసి ఊపిరి బిగబట్టింది.

పైన బొత్తం కనపడింది. రెండు వైర్లు. చెయ్యి చాచింది.

పెడల్ కదిలింది.

ఆమె ముట్టుకోలేదు. కళ్ళ ముందే, చెంపని రాసుకుంటూ, పెడల్ దిగడం మొదలుపెట్టింది. మెల్లగా... తొందర లేకుండా... స్ప్రింగు కిర్రుమంది. సగం దిగింది. ముప్పాతిక దిగింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఆఖరి అంగుళం కూడా దిగి, నేలకి ఆనింది.

పైన బొత్తం టక్ మంది.

రబ్బరు పెడల్ మీద, దేనికో కింద పడి నలిగినట్టు, తడి ఊరింది. ఒక బొట్టు చిక్కగా అంచు దాకా జారి, వేలాడి, ఆమె చెవి పక్కన మ్యాటు మీద పడింది. పాత పూలకుండీ వాసన. వెనకాల తీపి.

"అమ్మా, ఏదో టక్ మంది. దొరికిందా బొత్తం?" అంటోంది ఫోన్.

ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. తల డాష్‌బోర్డుకి కొట్టుకుంది, మోచెయ్యి గీసుకుంది. షెడ్డు గోడకి వీపు ఆనించి నిలబడింది. పారిపోవాలనే అనుకుంది. వరండా మీదుగా, గేటు మీదుగా, వానలో, ఎక్కడికైనా. గుమ్మం దాకా వచ్చేసరికి అత్తగారు కనపడింది. కుర్చీలో కూర్చుని, ఎవరూ చూడట్లేదనుకుని, ముక్కు దగ్గరికి గొంగళి లాక్కుని తన కాలి వాసన తనే చూసుకుంటోంది. చూసుకుని, మొహం అటు తిప్పుకుంది. ఆవిడకి తన ఒళ్ళంటేనే అసహ్యం పుట్టింది. అది చూశాక కోడలు గేటు వైపు వెళ్ళలేదు.

తిరిగి కారు దగ్గరికి వచ్చింది. ఫోన్ కట్టేసింది. కూర్చుంది. పెడల్ మళ్ళీ మామూలుగా పైకొచ్చి ఉంది. చెప్పు కారు బయట విడిచి, ఎడమ పాదం దాని మీద పెట్టింది. తొక్కగలిగినంత తొక్కింది. ముప్పాతిక.

"సరే మామయ్యా" అంది గుసగుసగా. "అత్తయ్య కాలు దక్కాలి. తొక్కండి."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. గేరు రాడ్డు దానంతటదే కొంచెం ఊగింది, ఏదో రాసుకుంటూ దాని పక్కనుంచి దూరినట్టు.

పాదం మీద బరువు వాలింది.

వెచ్చగా... మెత్తగా... అక్కడక్కడా ఎముక తగులుతూ. కట్టు గుడ్డ గరుకు. తడి వేళ్ళ సందుల్లోకి దిగింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. అరవకూడదని పెదవి కొరుక్కుంది. బరువు నొక్కింది. అంగుళం దిగింది.

తాళం తిప్పింది. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

దారంతా ఆమె నడపలేదు, సగమే నడిపింది. గేరు మార్చిన ప్రతిసారీ ముప్పాతిక ఆమెది, మిగతాది ఆయనది. సగం దారిలో నీళ్ళు రోడ్డెక్కాయి. అక్కడ మొదటి గేరులో పాకించాల్సి వచ్చింది. పాదం మీది బరువు ఇక లేవలేదు. వెనక సీట్లో కాలు చాపుకుని పడుకున్న అత్తగారు, కిటికీ కాస్త దించనా అమ్మాయ్ అంది. మళ్ళీ చిన్నగా అడిగింది. "ఇది నా కాలి వాసనేనా?"

కాదత్తయ్యా, ఎలుకలు గూడు పెట్టాయి అంది కోడలు. అది సగం నిజమే.  అత్తగారు ఎవరినో మందలిస్తున్నట్టు, పక్కకి జరిగి కూర్చోండి, పిల్లని నడపనివ్వండి అని గొణిగి కళ్ళు మూసుకుంది. జ్వరం అనుకుంది కోడలు. అలా అనుకోవడమే నయమనిపించింది.

ఆసుపత్రి దగ్గరపడుతున్నకొద్దీ ఆ రోత తగ్గుతూ వచ్చింది. తడి తెలియట్లేదు, బరువు తెలియట్లేదు. దయతలిచి కాలు తీసేసి ఉంటాడనుకుంది. బతికున్నప్పుడు చెయ్యని మర్యాద ఇప్పుడైనా చేశాడని మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

డాక్టరు ఇంకా వెళ్ళలేదు. అత్తగారిని బల్ల మీద పడుకోబెట్టి, చచ్చిన చర్మమంతా గీకి తీసేశాడు. కింద ఎర్రటి కండ కనపడింది, రక్తం కూడా వచ్చింది. రక్తం వస్తోందంటే కాలు బతికే ఉందనీ, సరైన వేళకి తెచ్చారనీ, కాలు దక్కుతుందనీ చెప్పి చేతులు కడుక్కుని వెళ్ళాడు. కోడలు అక్కడున్న స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. అత్తగారు చెయ్యి చాచి ఆమె తల నిమిరింది.

కట్టు కట్టడం ముగించి నర్సు సామాను సర్దుకుంటోంది. గాయాన్ని మందునీళ్ళతో కడిగేసింది, పాత దూది ఉన్న బకెట్టు బయటికి పంపేసింది. అయినా ముక్కు ఎగబీల్చింది. గది అంతా చూసింది. బల్ల కింద చూసింది. చూపు కోడలి ఎడమ పాదం దగ్గర ఆగింది. చెప్పు షెడ్డులోనే ఉండిపోయింది.

ఆ పాదం నీళ్ళలో రోజుల తరబడి నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉంది. నర్సు వంగి, బొటనవేలితో నొక్కింది. నొక్కిన చోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. నొప్పిగా ఉందా అని అడిగింది.

"మీరు నొక్కలేదు కదా" అంది కోడలు.

"పూర్తిగానే నొక్కాను" అంది నర్సు.

దీపం దగ్గరికి లాక్కుని చూసింది. ఎక్కడా గాయం లేదు, గీత కూడా లేదు. పాదం పైన మధ్యలో, పగలని చర్మంలోంచి, ఒక దారం కొస బయటికి పొడుచుకొచ్చి ఉంది. చిమటాతో పట్టుకుని లాగింది. వచ్చింది. ఇంకా లాగింది. ఇంకా వచ్చింది. పోగు కాస్తా వెడల్పయి, పేలికయింది. చీముతో తడిసి పచ్చబడ్డ గుడ్డ, దాని మీద నీలం చారలు. కోడలు తన పాదాన్ని పరాయివాళ్ళ పాదంలా చూస్తూ కూర్చుంది. ఏమీ తెలియట్లేదు.

మూరెడు వచ్చాక లోపల ఏదో అడ్డం తగిలి ఆగింది. నర్సు చిమటాని ఇంకొంచెం బిగించింది.

బల్ల మీద అత్తగారు తల ఎత్తి చూసింది. ఆవిడ మొహంలో భయం లేదు, ఎప్పటి విసుగే ఉంది.

"లాగితే రాదమ్మా, ఇంకా బిగుసుకుంటుంది. కత్తెర తీసుకో" అంది. "ఆ ముడి నేను వేసిందే."